లెఫ్టినెంట్ కర్నల్ అనే మాట గారికి

మహారాజశ్రీ ఇంగ్లీషు మాట గారికి,

బెంగళూరు మారతహళ్ళి పీజీ నుంచి తెలుగు మీడియం వాళ్ళం రాసుకునేది. ఉభయకుశలోపరి. తమరి హోదా మీద మాకే ఫిర్యాదూ లేదు. భుజాన అశోక చిహ్నం, తోడుగా ఒక నక్షత్రం పెట్టుకున్నాయన ఎదురొస్తే లేచి నిలబడేవాళ్ళమే. దావా అంతా స్పెల్లింగు మీద.

ఒంటి నిండా 17 అక్షరాలు. ఎంత గాలించినా ఎఫ్ కనపడదు, కానీ పలకాలి. ఆర్ కూడా లేదు, అదీ పలకాలి. కర్నల్ నడుమ కూర్చున్న ఎల్‌ను మాత్రం చూడనట్టు దాటిపోవాలి! సైన్యంలో ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్సెస్బీ ఇంటర్వ్యూకని వచ్చిన మా కుర్రాళ్ళు రాత్రంతా ‘లియు-టె-నాంట్ కొ-లొ-నెల్’ అని ముక్కలు చేసి వల్లిస్తున్నారు. కర్నూలు వాడొక్కడే ధీమాగా ఉన్నాడు, కర్నల్ అంటే తమ ఊరి మనిషేనని.

మా తెలుగు మాస్టారికి అప్పగిస్తే చిటికెలో గణవిభజన చేసేవారు. లెఫ్టినెంట్ రగణం, కర్నల్ గగం. పొల్లులతో సహా అంతా వినబడేదే. తెలుగులో రాస్తే ఎంత బుద్ధిమంతులండీ తమరు!

వంశవృక్షమూ చూశాం. కర్నల్ ఇటలీలో కొలొనెల్లో. ఫ్రాన్సుకొచ్చి కొరొనెల్ అయ్యాడు. ఇంగ్లీషువాళ్ళు నోటికి ‘ర’ ఉంచుకుని, రాతలో మళ్ళీ ‘ల’కి వెళ్ళిపోయారు. ఇక లెఫ్టినెంట్ ఫ్రెంచివాడు, ఇంకొకరి చోట నిలబడేవాడు. ఈ ‘లెఫ్’ గోల పోయి ‘లూటెనెంట్’ నిలుస్తుందని 18వ శతాబ్దం చివర్లోనే జాన్ వాకర్ అనే నిఘంటుకారుడు ఆశపడ్డాడు. పాపం, ఆయన ఇంగ్లండు వాడు. ఆశ తీరింది అమెరికాలో.

దొరలకు నాలుక తిరక్క ర, ల తారుమారైతే అది చరిత్ర. మా విజయనగరం వాడు రాసింది రాసినట్టు చదివితే మాత్రం బ్యాచంతా పకపకలు.

2011లో ధోనీకి తమరిని గౌరవ హోదాగా ఇచ్చారు. ఆయనకేం, చెన్నైలో ‘తలా’ అంటే పలుకుతాడు.

స్పెల్లింగు మార్చుకోమనే ధైర్యం మాకు లేదు. ఒక సీనియర్ అన్న చిట్కా చెప్పాడు: గదిలో ఎదురుగా ఏ హోదా ఆయన కూర్చున్నా ‘సర్’ అంటే చాలట. హమ్మయ్య అనుకున్నాం. అందులో ఆర్ ఉంది చూశారూ, లండన్ పద్ధతిలో దాన్ని పలకకూడదట.

ఇట్లు,
తమరి విధేయులు,
రెండో అంతస్తు