సవరణ: వీడియో క్వాలిటీ తగ్గించేది సర్వర్ కాదు, మన ప్లేయరే

లైవ్ మ్యాచ్ మధ్యలో బొమ్మ మసకబారితే, మన నెట్ స్పీడ్ చూసి సర్వరే క్వాలిటీ తగ్గిస్తుందని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. ఇప్పుడు విస్తారంగా వాడే హెచ్‌ఎల్‌ఎస్ (హెచ్‌టీటీపీ లైవ్ స్ట్రీమింగ్) అనే వీడియో ప్రసార పద్ధతిలో ఆ నిర్ణయం మన ఫోన్‌లోని ప్లేయర్‌ది. 2009లో ఆపిల్ తెచ్చిన ఈ పద్ధతి వివరాలు 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8216 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వచ్చాయి. అది చూశాకే ఈ సవరణ.

సర్వర్ దగ్గర ఒకే మ్యాచ్ 360పీ, 720పీ, 1080పీ ఇలా పలు రకాల్లో, కొన్నేసి సెకన్ల ముక్కలుగా సిద్ధంగా ఉంటుంది. వాటి జాబితా ఎం3యు8 అనే మామూలు టెక్స్ట్ ఫైల్. ఏ రకానికి ఎంత బ్యాండ్‌విడ్త్ (నెట్ వేగం) కావాలో అందులోనే రాసి ఉంటుంది. ప్లేయర్ అది చదివి, కిందటి ముక్క దిగడానికి ఎంతసేపు పట్టిందో లెక్కేసుకుని, తర్వాతి ముక్క ఏ రకంలో కావాలో తనే అడుగుతుంది. సర్వర్ వెబ్ పేజీ ఇచ్చినట్టే హెచ్‌టీటీపీ మీద ఆ ముక్క ఇస్తుంది, అంతే. సీడీఎన్‌లు, అంటే పలుచోట్ల సర్వర్లు పెట్టి వీడియోలు అందించే నెట్‌వర్క్‌లు, లక్షల మందికి ఒకేసారి పంచగలుగుతున్నది ఈ సౌలభ్యం వల్లే.

లైవ్ ఆలస్యమంతా స్లో నెట్ వల్లేనన్న మాట కూడా నిలవదు. చిట్టచివరి ముక్క నుంచి మొదలుపెట్టకుండా, కనీసం మూడు ముక్కల నిడివి వెనక ఉండమని ఆ పత్రమే ప్లేయర్లకు చెబుతుంది. ముక్క 6 సెకన్లదైతే అక్కడికే 18 సెకన్లు. పక్కింటి టీవీలో సిక్సర్ కేకలు ముందే వినబడటానికి ఇదో ముఖ్య కారణం. ఎంత మంచి ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్నా ఈ తేడా పోదు. ఆలస్యం తగ్గించేందుకు వచ్చిన కొత్త పద్ధతుల సంగతి వేరు.

వీడియో కాల్స్‌కు ఇదేదీ వర్తించదు. అవి మాట, బొమ్మ అప్పటికప్పుడు పంపే ఆర్‌టీపీ అనే పద్ధతితో, ఎక్కువగా యూడీపీ (పోయిన డేటాను మళ్లీ పంపేదాకా ఆగని రవాణా పద్ధతి) మీద నడుస్తాయి.