ఆ సెమిస్టర్ గురించి దాచకండి

మొన్న ఒకావిడ ఫోన్ చేసి ఏడ్చింది. పాపకి టెన్త్ గ్రేడ్‌లో రెండు ‘సి’లు వచ్చాయి, నవంబర్‌లో కాలేజీ అప్లికేషన్లు. “ఎవరికీ చెప్పకండి అక్కా” అని మూడుసార్లు అంది. (పేరు లేకుండా రాయమని తర్వాత తనే అడిగింది, అందుకే రాస్తున్నా.) ఒకప్పుడు నేనూ మా చెల్లితో అచ్చం ఇదే మాట అన్నాను.

2023 జనవరిలో మావారి ఉద్యోగం పోయింది. హెచ్1బి వీసా. చేతిలో 60 రోజులు. ఆలోగా ఇంకో కంపెనీ పిటిషన్ వేయకపోతే కాలిఫోర్నియాలో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోవాల్సిందే అనుకున్నాం. మావాడు అప్పుడు టెన్త్ గ్రేడ్. వాడికేమీ తెలియనివ్వలేదని మా నమ్మకం. ఆ సెమిస్టర్ కెమిస్ట్రీలో ‘సి’, ఆల్జీబ్రాలో ‘సి’. అంతకుముందన్నీ ‘ఏ’లే, ఆ తర్వాతా అంతే.

ఇంటర్‌లో బెటర్‌మెంట్ రాసినట్టు సమ్మర్‌లో మళ్ళీ చదివిద్దామనుకున్నా. కుదరదు. యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) లెక్కలో ‘డి’ గానీ ‘ఎఫ్’ గానీ వస్తేనే మళ్ళీ చదివి మార్చుకోవచ్చు, ‘సి’ వస్తే అలాగే ఉండిపోతుంది. పైగా యూసీ వాళ్ళు జీపీఏ (గ్రేడ్ల సగటు) కట్టేది టెన్త్, లెవెన్త్ గ్రేడ్లతోనే. అదే దెబ్బ నైన్త్‌లో తగిలుంటే జీపీఏకి అంటేదే కాదు. పోనీ ఎస్ఏటీ ప్రవేశ పరీక్ష బాగా రాయిద్దామంటే, యూసీ వాళ్ళు అడ్మిషన్‌కి ఆ స్కోరు చూడనే చూడరు.

డబ్బు కట్టి పెట్టుకున్న కాలేజీ అడ్మిషన్ల కన్సల్టెంట్ “ఆ సంగతి ఎత్తొద్దు, సాకు చెప్పినట్టుంటుంది” అన్నాడు. ఆ సలహా తప్పు, గట్టిగా చెబుతున్నా. యూసీ పరిశీలించే 13 అంశాల్లో ఈమధ్య చదువు బాగా మెరుగుపడటం ఒకటి. పిల్లల పరిస్థితులను బట్టి వాళ్ళ చదువును చూడటం ఇంకొకటి. మనం చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది? యూసీకి టీచర్ల లెటర్లు కూడా మామూలుగా ఉండవు, పిల్లలు రాసిందే ఆధారం. స్కూల్ కౌన్సిలర్ లెటర్ అడిగే ప్రైవేటు కాలేజీలకైనా, మనం వెళ్ళి చెబితేనే కదా ఆ కౌన్సిలర్ రాసేది! నలుగురిలో పరువు పోతుందని మనం నోరు మూసుకుంటే నష్టం పిల్లలకి.

అప్లికేషన్‌లో మావాడు దాని గురించి రాసింది నాలుగే వాక్యాలు. నాన్న ఉద్యోగం ఎప్పుడు పోయింది, గడువెంత, ఏ సబ్జెక్టులు దెబ్బతిన్నాయి, లెవెన్త్‌లో ఏం చదివి ఏం తెచ్చుకున్నాడు. అది చదివి మావారు “నా వల్లేరా” అన్నారు. వాడు ఫోన్ తీసి పాత క్యాలెండర్ చూపించాడు. మార్చిలో ఒక తేదీకి ఎర్ర చుక్క. మా 60 రోజులు ముగిసే రోజు. రోజూ లెక్కపెట్టుకునేవాడట. మేం గుసగుసలాడుకున్న రాత్రుల్లో వాడు మెట్ల మీద కూర్చుని అన్నీ విన్నాడు.

వాడు ఎక్కువ ఆశపడ్డ రెండు క్యాంపస్‌లు రాలేదు. మూడోది వచ్చింది, ఇప్పుడక్కడే చదువుతున్నాడు. అదీ రాకపోతే కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు చదివి యూసీకి ట్రాన్స్‌ఫర్‌ మీద వెళ్ళేవాడు. ఆరు యూసీ క్యాంపస్‌లు దానికి ముందే గ్యారంటీ ఒప్పందం ఇస్తాయి. మన ఇళ్ళల్లో ఆ దారి పేరెత్తితేనే తల దించుకుంటారు, అది నాకు బాధ.

నిన్న రాత్రి ఆవిడకి మళ్ళీ ఫోన్ చేశాను. ఆ సెమిస్టర్‌లో తనకేమైందో ముందు పాపనే అడగమన్నాను. ఇంతవరకూ అడగలేదట.