నెపం నెట్‌వర్క్ మీద

బెంగళూరులోని మారతహళ్ళి చుట్టుపక్కల ఆఫీసుల్లో తెలుగువాళ్ళకు కొదవ లేదు కనుక, "అన్నా, కనెక్షన్ ఒకసారి వస్తోంది, ఒకసారి రావట్లేదు, నెట్‌వర్క్ బాగోలేనట్టుంది" అన్న ఫిర్యాదు నాకు తరచూ తెలుగులోనే వినిపిస్తుంది. క్లయింటూ సర్వరూ ఒకే ల్యాప్‌టాప్‌లో నడుస్తున్నప్పుడు కూడా ఇదే మాట. లూప్‌బ్యాక్‌లో, అంటే యంత్రం లోపలే తిరిగే దారిలో, పోయే ప్యాకెట్ నెట్‌వర్క్ కార్డు దాకా కూడా వెళ్ళదు; ఔటర్ రింగ్ రోడ్డు తవ్వకాలకు దానితో ఏం సంబంధం? ఇలాంటి తిప్పల్లో అధికభాగం ఆపరేటింగ్ సిస్టమ్‌ల మధ్య తేడాలను మనం పట్టించుకోకపోవడం వల్ల వచ్చేవేనని నా అభిప్రాయం.

మన సొంత యంత్రాన్ని సూచించే లోకల్‌హోస్ట్ అన్న పేరునే చూడండి. నెట్‌వర్క్ చిరునామాల పాత పద్ధతి ఐపీవీ4లో అది 127.0.0.1, కొత్త పద్ధతి ఐపీవీ6లో ::1. సర్వర్ మొదటిదాని మీద మాత్రమే లిజన్ చేస్తుండగా, అంటే కనెక్షన్ల కోసం ఎదురుచూస్తుండగా, క్లయింట్ రెండోదాన్ని ముందు ప్రయత్నిస్తే, లైనక్స్ కుదరదని తక్షణం చెప్పేస్తుంది; విండోస్ మాత్రం నిరాకరణ వచ్చాక కూడా తనంతట తాను మరికొన్నిసార్లు ప్రయత్నించి, ఆలస్యంగా చేతులెత్తేస్తుంది. జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములను నడిపే నోడ్‌లో 2021లో వచ్చిన 17వ వెర్షన్, ఐపీవీ4 చిరునామాను ముందుకు తెచ్చే పాత పద్ధతి మాని, పేరును చిరునామాగా మార్చే రిజాల్వర్ ఇచ్చిన వరుసనే పాటించడం మొదలుపెట్టాక, అంతవరకు నిక్షేపంగా నడిచిన స్క్రిప్టులు కనెక్షన్ రిఫ్యూజ్డ్ అంటూ ఆగిపోయాయి.

నిజంగా ఒకసారి వచ్చి ఒకసారి రాని కనెక్షన్ కావాలంటే విండోస్‌లో, వాడిన చిరునామానే మళ్ళీ వాడుకోనిచ్చే రీయూజ్ అడ్రస్ ఆప్షన్ పెట్టి చూడండి. లైనక్స్‌లో అది టైమ్ వెయిట్‌లో (కనెక్షన్ ముగిశాక ఉండే కొద్దిపాటి విరామంలో) ఉన్న పోర్టును (ప్రోగ్రామ్‌కు కనెక్షన్లు అందే సంఖ్యను) మళ్ళీ బైండ్ చేసుకోనిస్తుందే, అంటే తనదిగా పట్టుకోనిస్తుందే గానీ, ఇంకొకరు లిజన్ చేస్తున్న పోర్టును ఇవ్వదు. విండోస్‌లోనైతే రెండు ప్రోగ్రాములు ఒకే పోర్టు మీద కూర్చోగలవు, వచ్చిన కనెక్షన్ ఎవరికి అందుతుందో చెప్పలేం. పాత సర్వర్ ప్రాసెస్ ఒకటి చావకుండా మిగిలిపోయిందా, ఇక అంతే సంగతులు. దీన్ని ఆపడానికే అక్కడ ఎక్స్‌క్లూజివ్ అడ్రస్ యూజ్ అనే వేరే ఆప్షన్ ఉంది.

మాక్ తీరు వేరు. 2024లో వచ్చిన మాక్ ఓఎస్ వెర్షన్ సెకోయా నుంచి లోకల్ నెట్‌వర్క్ అనుమతి లేని యాప్‌కు "నో రూట్ టు హోస్ట్" ఎదురవుతుంది. కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌కు ఆ నిబంధన వర్తించదు కనుక, అవతలి యంత్రం పలుకుతోందో లేదో చూసే పింగ్ అక్కడ చక్కగా పనిచేస్తుంది, అది చూసి మనవాళ్ళు రౌటర్‌ను రీస్టార్ట్ చేస్తారు!

ఇన్ని కారణాలుండగా అందరూ చేసే వైద్యం మాత్రం ఒకటే: ఫైర్‌వాల్ ఆపేసి, కాసేపు ఆగే స్లీప్‌తో కలిపి, మళ్ళీ మళ్ళీ ప్రయత్నించే రీట్రై లూప్ రాయడం. ఏ ప్రాసెస్ ఏ చిరునామా మీద లిజన్ చేస్తోందో లైనక్స్‌లో ఎస్ఎస్, మాక్‌లో ఎల్ఎస్ఓఎఫ్, విండోస్‌లో నెట్‌స్టాట్ అనే కమాండ్లు క్షణంలో చెబుతాయి. రీట్రై లూప్‌ను సమీక్షకు పంపేవారు ఆ అవుట్‌పుట్‌ను కూడా జతచేయాలని మా టీమ్‌లో పట్టుబడుతున్నాను, పని మందగిస్తోందని మేనేజర్ గారు గొణుగుతున్నా సరే.