శనగలు, అన్నయ్య, మా అమ్మాయి

నా పేరు సమూయేలు. పదో తరగతి సర్టిఫికెట్‌లో మాస్టారు రాసింది ఎస్-ఎ-ఎమ్-వై-ఇ-ఎల్-యు. ఆధార్‌లో ఇంగ్లీషు బైబిల్లో ఉన్నట్టు శామ్యూల్. బ్యాంకు పుస్తకంలో ఇంకొకడున్నాడు. వాడికి చివర యు ఉంది, వై ఎక్కడో జారిపోయింది. వాడెవడో నాకూ సరిగ్గా తెలీదు. ఇంటి లోనుకి వెళ్తే "మీ ముగ్గురూ ఒక్కరేనని నోటరీ చేయించి తెండి" అన్నారు. 100 రూపాయల స్టాంపు కాగితం మీద సంతకం పెడుతుంటే, ముగ్గురూ ఒక్క దేవుడేననే త్రిత్వం గురించి మా చర్చి అయ్యగారు ఇన్నేళ్ళుగా ప్రసంగాల్లో చెబుతున్నది ఒక్క దెబ్బకి అర్థమైపోయింది.

అందుకే పాప పుట్టగానే గట్టిగా అనుకున్నాను. దీని పేరు ఇంగ్లీషులో ఒక్క రకంగానే ఉండాలి, చచ్చేదాకా.

పేరు దగ్గర గొడవేమీ లేదు, హన్నా అనే అనుకున్నాం. పెళ్ళయిన 8 ఏళ్ళకి పుట్టిన పిల్ల. ఆ 8 ఏళ్ళూ అమ్మ మొదటి సమూయేలు గ్రంథం మొదటి అధ్యాయం చదువుతూనే ఉంది. పిల్లల్లేని హన్నా షిలోహు మందిరంలో పైకి వినపడకుండా పెదవులు మాత్రం కదుపుతూ ప్రార్థన చేసుకుంటుంటే, యాజకుడు ఏలీ చూసి తాగొచ్చిందనుకుంటాడు. ఆ పేరుకి అపార్థాలు అప్పటినుంచే ఉన్నాయి, మాకు తట్టలేదంతే. తర్వాత ఆమెకి పుట్టిన కొడుకే సమూయేలు. ఆ లెక్కన నా కూతురు నాకు తల్లి. ఎలాగూ "తల్లీ" అనే పిలుస్తాం కాబట్టి ఇబ్బంది లేదు.

తెలుగులో రెండే అక్షరాలు. హన్నా. రాశాం, అయిపోయింది. కాకపోతే నేను ముద్దుగా "హన్నా!" అన్నప్పుడల్లా పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగిచూసి, "పసిగుడ్డుని ఎందుకయ్యా పొద్దస్తమానం అదిలిస్తావు?" అనేది.

అసలు కథ ఇంగ్లీషు దగ్గర మొదలైంది. పుట్టిన తేదీ ఎలాగూ నమోదైంది, పేరు ఏడాదిలోపు ఎక్కిస్తే ఫీజు ఉండదు. ఏడాది ఉంది కదా అని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

మొదట హైదరాబాదు నుంచి మా బావమరిది. "బావా, ఎ-ఎన్-ఎన్-ఎ పెట్టెయ్. స్టైల్‌గా ఉంటుంది, ఏ దేశం వెళ్ళినా చెల్లుతుంది." అయ్యగారు కూడా వాడికే వత్తాసు పలికారు. రెండూ ఒకే పేరట. హీబ్రూ నుంచి గ్రీకులోకి వెళ్ళేసరికి ముందున్న హ ఊడిపోయిందట. "లూకా సువార్త రెండో అధ్యాయంలో ప్రవక్త్రి పేరు చూడండి, మన తెలుగు బైబిల్లోనే ఉంది" అన్నారు.

అమ్మ పెద్దక్షరాల బైబిలు తీసి, కళ్ళజోడు సర్దుకుని చూసింది. నిజమే. "అన్న" అనే ఉంది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అమ్మే తేరుకుని, "రేపు దీనికో తమ్ముడు పుడితే వాడు దీన్ని ఏమని పిలవాలిరా? అన్నక్కా అనా?" అంది. మా బావమరిది ఉండే హైదరాబాదులో అయితే మరీ కష్టం. బడి గేటు దగ్గర నిలబడి "అన్నా" అని కేకేస్తే పిల్ల రాదు, నలుగురు ఆటోవాళ్ళొస్తారు. ఆ స్పెల్లింగు అక్కడితో సరి.

తర్వాత మా వదిన, అంటే మా ఆవిడ అక్క. ఆవిడ ఇజ్రాయెల్లో, హైఫాలో పెద్దవాళ్ళని చూసుకునే పనిలో ఉంది. మా కుటుంబంలో హీబ్రూ చెవులారా వినేది ఆవిడొక్కతే కాబట్టి ఆ మాటకి బరువుంది. వాయిస్ మెసేజ్ పెట్టింది. "మరిదిగారూ, నేను చూసే మామ్మగారి పేరు కూడా ఇదే. కానీ వీళ్ళు మనలా హ అనరు. పులస ముల్లు గొంతులో గుచ్చుకుంటే లాగుతామే, ఆ చప్పుడుతో అంటారు." ఆ అక్షరం పేరు ఖెత్ అట. తర్వాత ఆవిడ ముల్లు లాగి వినిపించింది. ఒళ్ళో నిద్రపోతున్న పాప ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంది, సొంత పేరు విని.

మామ్మగారు తన పేరుని ఇంగ్లీషులో సి-హెచ్-ఎ-ఎన్-ఎ అని రాసుకుంటుందట. మా ఆవిడ ఫోన్లో చూసి పైకి చదివింది. "చనా."

"శనగలా?" అంది అమ్మ. "8 ఏళ్ళు మోకాళ్ళ మీద ప్రార్థన చేసింది శనగల కోసమా?"

వదిన తగ్గలేదు. సి తీసేసి కె పెట్టమంది. అలా పెడితే ఖానా అయింది, అంటే భోజనం. ఎన్ ఇంకోటి కలిపితే ఖన్నా, అదెవరో పంజాబీవాళ్ళ ఇంటిపేరు. అక్కడివాళ్ళకీ ఈ గోల ఉందని వదినే ఒప్పుకుంది. వాళ్ళ హనుక్కా పండగనే ఇంగ్లీషులో కొందరు హెచ్‌తో, కొందరు సి-హెచ్‌తో రాస్తారు. యూదులకే తేలని హెచ్చు కోనసీమలో మాకేం తేలుతుంది?

చివరికి వదిన చెప్పిన ఒక్క ముక్కే అక్కరకొచ్చింది. హీబ్రూలో ఆ పేరుకి మూడే అక్షరాలు: ఖెత్, నూన్, హే. ఆఖరి హే పలకదు, ఊరికే కాపలాకి కూర్చుంటుంది. అయితే చివర హెచ్ పెట్టడం న్యాయమే కదా అనుకుని హెచ్-ఎ-ఎన్-ఎన్-ఎ-హెచ్ అని కాగితం మీద రాసి చూసుకున్నాను. మా బావమరిది ఫోన్లోంచి అరిచాడు, "బావా, ఇది వికటకవి!" నిజమే. ఎటు నుంచి చదివినా అదే. హీబ్రూవాళ్ళు కుడి నుంచి ఎడమకి రాస్తారు, వాళ్ళకీ పేచీ లేదు. అన్నిటికన్నా మించి, ఆఫీసులో టైపు కొట్టే అతను ఏ చివర నుంచి కొట్టినా తప్పుపోదు. నా పేరుకి ఈ సదుపాయం లేకనే కదా నేను ముగ్గురినయ్యాను!

అర్జీలో పెద్దక్షరాలతో గళ్ళల్లో రాసి ఇచ్చాను. సర్టిఫికెట్ చేతికిస్తూ అతను, "ఒకసారి చూసుకోండి, తర్వాత మార్చమంటే కుదరదు" అన్నాడు. ఎడమ నుంచి చూసుకున్నాను. కుడి నుంచి చూసుకున్నాను. వేలు పెట్టి మధ్య నుంచి కూడా చూసుకున్నాను. పైన తెలుగులో కూడా ఏదో ఉంది. మన భాషేగా అని దాని జోలికి పోలేదు. దారిలో అర కిలో కాజాలు కొన్నాను.

అమ్మకి ఇంగ్లీషు రాదు. కాజా పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని తెలుగు లైను చదివింది. మళ్ళీ చదివింది. ఇంగ్లీషు కొడితే కంప్యూటరే తెలుగు చేసేస్తుందట, అది చేసిపెట్టింది: హన్నాహ్.

"ఇదేంట్రా," అంది అమ్మ, "పిల్ల పేరు చివర ఈ నిట్టూర్పు ఎవరిది?"

"నాదేనమ్మా" అన్నాను.