ఆర్సన్ వెల్స్‌ని సోమరి అనకండి

అమెరికన్ సినిమా దర్శకుడు ఆర్సన్ వెల్స్ గురించి ఈ వారంలో అదే మెసేజ్ నాకు నాలుగోసారి వచ్చింది. పంపినవాళ్లలో ఇద్దరు ఒకప్పుడు ఫిల్మ్ సొసైటీలో నా పక్కన కూర్చుని సినిమాలు చూసినవాళ్లే. అందుకే ఎక్కువ బాధేసింది. మెసేజ్ సారాంశం ఇది: ‘సిటిజన్ కేన్’ తీసిన కుర్రాడికి ఆస్కార్ రాలేదు. అంతకుముందు గ్రహాంతరవాసులు దాడి చేశారన్న రేడియో నాటకంతో అమెరికా మొత్తాన్ని రోడ్డు మీదికి పరిగెత్తించాడు. తర్వాత సోమరితనం, తిండియావ. ఒక్క సినిమా సరిగ్గా పూర్తి చేయలేదు. చివరికి వైన్ ప్రకటనలతో బతికాడు. మీ పిల్లలకు చూపించండి.

ఆస్కార్ వచ్చింది. స్క్రీన్‌ప్లేకి, హెర్మన్ మాంకీవిజ్‌తో కలిపి. రేడియో నాటకం సంగతికొస్తే, 1938 అక్టోబర్ 30 రాత్రి జరిగిన సర్వేలో అది వింటున్నామన్నవాళ్లు 2 శాతమే. భయపడ్డవాళ్లు ఉన్నారు, కానీ దేశమంతా కాదు. మర్నాడు పత్రికలు గోరంతను కొండంత చేశాయి. ఇవి చిన్న విషయాలు, వదిలేద్దాం.

నాకు ఒళ్లు మండేది ఆ ‘సోమరితనం’ అన్న మాటకి.

1942లో ‘ది మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్’ ఎడిటింగ్‌లో ఉండగా, యుద్ధకాలంలో లాటిన్ అమెరికా దేశాలతో స్నేహం పెంచే సినిమా తీయమని ప్రభుత్వం కోరితే వెల్స్ జీతం లేకుండా బ్రెజిల్ వెళ్లాడు. ఇటు అమెరికాలో ప్రివ్యూలో సీరియస్ సీన్లకి జనం నవ్వారు. ఆర్‌కేవో స్టూడియో భయపడి 130 నిమిషాలు దాటిన సినిమాని 88 నిమిషాలకి కోసేసింది. వేరేవాళ్లతో సుఖాంతం తీయించి అతికించింది. ఆయన రియో నుంచి టెలిగ్రాముల మీద టెలిగ్రాములు కొడుతూనే ఉన్నాడు. తన సంగీతాన్ని ముక్కలు చేశారని సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ సినిమాలోంచి తన పేరే తీయించుకున్నాడు. కోసిన భాగాల నెగటివ్‌ని తర్వాత నాశనం చేశారు. కొడుకు ఇంటికొచ్చేలోగా కాలు నరికేసి, వీడికి నడక రాదని ఊరంతా చాటితే ఎలా ఉంటుంది? అదే ఇది.

ఆయన తీసిన ‘టచ్ ఆఫ్ ఈవిల్’ చూడండి. స్టూడియో మార్చిన కాపీ చూశాక ఆయన 58 పేజీల ఉత్తరం రాశాడు. సినిమా మొదట్లో కారు వెనకే కెమెరా కదిలే ఆ పొడవాటి షాట్ మీద పేర్లు వేయకండి, మ్యూజిక్ తీసేయండి, వీధిలో బార్ల నుంచి వచ్చే పాటలే వినిపించాలి అని అడిగాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 1998లో వాల్టర్ మర్చ్ ఆ ఉత్తరం పెట్టుకుని మళ్లీ ఎడిట్ చేశాడు. సోమరి ఎవరైనా 58 పేజీలు రాస్తాడా?

షేక్‌స్పియర్ నాటకం ‘ఒథెల్లో’ని సినిమాగా తీస్తుంటే ఇటలీ నిర్మాత దివాలా తీశాడు. మొరాకోలో నటులు సిద్ధం, దుస్తులు రాలేదు. రోడెరిగో అనే పాత్ర హత్య సీన్‌ని ఆవిరి స్నానాల గదికి మార్చి, అందరికీ తువ్వాళ్లు చుట్టి తీశాడు. ఆ ఆవిరి, చెక్కపలకల సందుల్లోంచి దూసుకొచ్చే కత్తి, మురికి నీళ్లు... దుస్తులు వచ్చుంటే ఆ సీన్ ఉండేది కాదు. డబ్బు అయిపోతే వేరే సినిమాల్లో వేషాలేసి, సంపాదించి, మళ్లీ నటుల్ని పోగుచేసి మూడేళ్లు లాగాడు. 1952లో కాన్స్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి వచ్చింది. వైన్ ప్రకటనలూ అంతే, ఆ డబ్బులో చాలా భాగం సొంత సినిమాలకే పోసేవాడు. అందులో సిగ్గుపడాల్సిందేముంది?

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ‘డాన్ కిహోటే’ సంగతిలో నా దగ్గర సమాధానం లేదు. 1957లో మెక్సికోలో మొదలుపెట్టాడు. చాలావరకు సొంత డబ్బు. ఏ స్టూడియో కత్తెరా పైన లేదు. ఏళ్లతరబడి మార్చుకుంటూ కూర్చుని, 1985లో పోయేనాటికీ పూర్తి చేయలేదు. ఆ తప్పు ఆయనదే. మెసేజ్ రాసినవాళ్లకు పనికొచ్చే అసలు ఉదాహరణ ఇదొక్కటే. దాని పేరు మాత్రం అందులో ఎక్కడా లేదు.