వకీలు రాకపోతే జరిమానా మా అమ్మకా?

వాయిదాకు రాని లాయర్ల మీద కోర్టు ధిక్కరణ కేసు పెట్టి లోపల వేయాలని నా స్నేహితులే కొందరు గట్టిగా వాదిస్తుంటారు. ఆ కోపం నాకు బాగా తెలుసు, మా ఇంట్లో మూడేళ్లుగా అదే ఉంది. అయినా ఈ జబ్బుకు ధిక్కరణ మందు కాదని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

మా అమ్మ పుట్టింటి ఆస్తిలో తన వాటా కోసం దావా వేసింది. మొదట్లో ప్రతి వాయిదాకూ వెళ్లేది. "ప్రతిసారీ మీరెందుకమ్మా శ్రమపడటం, నేను చూసుకుంటాను కదా" అన్నారు వకీలు గారు. నమ్మి మానేసింది. ఆ తర్వాత ఒక వాయిదాలో కేసు పిలిస్తే ఆయన లేరు, జూనియరూ లేడు. మధ్యాహ్నం ఇంకోసారి పిలిచారట, అప్పుడూ ఎవరూ పలకలేదు. దావాను డిఫాల్ట్ కింద, అంటే మా తరఫున ఎవరూ హాజరు కాలేదన్న కారణంతో, కొట్టేశారు. ఆ సంగతి మాకు తెలిసింది నాలుగు నెలల తర్వాత, అదీ అవతలి వైపు చుట్టాల ద్వారా.

అలా కొట్టేసిన దావాను మళ్లీ ఫైలు మీదికి తెప్పించుకోవడానికి గడువు 30 రోజులే. అది దాటిపోయింది కాబట్టి ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషన్ వేయాలి. దానికి ఆయనే అఫిడవిట్ తయారుచేసి పంపారు. అందులో అమ్మకు కామెర్లు వచ్చి మంచాన పడిందని రాసి ఉంది. "నాకు కామెర్లు ఎప్పుడొచ్చాయి?" అని అమ్మ సంతకం పెట్టనంది. ఆయన విసుక్కుంటూ మార్చారు గానీ, తాను రాలేదన్న ముక్క మాత్రం ఎక్కడా రాయలేదు. చివరికి అవతలి పక్షానికి 3000 రూపాయల ఖర్చులు చెల్లించాలన్న షరతు మీద దావాను పునరుద్ధరించారు. ఆ డబ్బు కట్టింది అమ్మ. ఆ పిటిషన్ల ఫీజు కట్టిందీ అమ్మే.

నా బాధంతా ఇక్కడే ఉంది. తప్పు చేసిన మనిషి పేరు రికార్డులో లేదు. జడ్జి గారికి కనిపించింది కోర్టుకు రాని ఒక వాది మాత్రమే.

ఇక ధిక్కరణ సంగతి. 1971 నాటి చట్టం ప్రకారం సివిల్ ధిక్కరణ అంటే కోర్టు ఉత్తర్వును కావాలని ఉల్లంఘించడం, లేదా కోర్టుకు ఇచ్చిన హామీని కావాలని తప్పడం. ఆ "కావాలని" అన్నది రుజువు కావాలి. ఇంకో కోర్టులో ఇరుక్కుపోయాను, ఒంట్లో బాగాలేదు అంటే అది అక్కడే వీగిపోతుంది. రుజువైనా గరిష్ఠ శిక్ష ఆరు నెలల సాధారణ జైలు, 2000 రూపాయల జరిమానా. పైగా ఆ చట్టం కింద కింది కోర్టు తనంతట తాను శిక్షించలేదు, హైకోర్టుకు నివేదించాలి. లైసెన్సు పోతుందేమో అనుకుంటే అదీ లేదు. ధిక్కరణ పేరుతో లాయరు లైసెన్సును సస్పెండ్ చేసే అధికారం తనకు లేదని 1998లో సుప్రీంకోర్టే చెప్పింది, అది లాయర్ల మీద క్రమశిక్షణ చర్యలు తీసుకునే బార్ కౌన్సిల్ పని అంది. ఇంత తతంగంలో మా అమ్మ చేతికి ఒక్క రూపాయి కూడా తిరిగి రాదు.

ఇంకో భయం కూడా ఉంది నాకు. జడ్జి ముందు నిలబడి "మీరు పొరపడుతున్నారు, మై లార్డ్" అనగలిగే వకీలు మనకు కావాలి. పావుగంట ఆలస్యానికి కూడా జైలు తలచుకుని వణికే వకీలు ఆ మాట అనగలడా? ఉత్తర్వు ఇచ్చి మరీ స్వయంగా రమ్మన్నా రానివాళ్ల మీద ధిక్కరణ పెట్టండి, నేను కాదనను. మామూలు గైర్హాజరీకి అంత పెద్ద కత్తి దూయడం ప్రమాదం.

మరి ఏం చేయాలి? దారి ఎప్పుడో వేసి ఉంది. 1981లో రఫీక్ వర్సెస్ మున్షీలాల్ కేసులో, అప్పీలు విచారణకు వకీలు రాకపోతే ఆ తప్పుకు కక్షిదారును బలి చేయకూడదని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. వకీలును పెట్టుకున్నాక, ఆయన వస్తున్నాడో లేదో కాపలా కాయడం పల్లెటూరి కక్షిదారు పని కాదంది. అవతలి పక్షానికి ఇవ్వాల్సిన 200 రూపాయల ఖర్చులను రాని వకీలు నుంచే వసూలు చేయమంది. 2000లో రామన్ సర్వీసెస్ కేసులో, సమ్మె పేరుతో లాయరు కోర్టుకు రాకపోతే కక్షిదారుకు కలిగిన నష్టానికి ఆ లాయరు బాధ్యుడంది. 2002లో హరీష్ ఉప్పల్ కేసులో లాయర్లకు సమ్మె హక్కే లేదంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ చూసినా, లాయరు వేరే కోర్టులో ఉన్నాడన్నది కేసును వాయిదా వేయడానికి కారణం కాదని 17వ ఆర్డర్‌లో ఉంది. మా ఊళ్లో, మీ ఊళ్లో ఏ కోర్టుకైనా వెళ్లి చూడండి, రోజూ ఎక్కువగా వినిపించే కారణం అదే.

నేను కోరేది ఒక్కటే. కేసు పిలిచినప్పుడు లాయరు లేకపోతే, కొట్టేసే ముందు కక్షిదారుకు నేరుగా నోటీసు పంపాలి, ఫోన్ నంబరు ఫైల్లోనే ఉంటుంది కదా. లాయరును కారణం అడిగి, అది ఉత్తర్వులో రాయాలి. సరైన కారణం లేకపోతే ఖర్చులు ఆయన జేబులోంచి రావాలి. ఒకే లాయరు ఒకే పూట నాలుగు కోర్టుల్లో ఉండాల్సి వస్తుందని తెలుసు, జడ్జి సెలవు పెట్టి కేసులన్నీ వాయిదా పడే రోజులూ ఉంటాయి. నిజమైన ఇబ్బంది ఉన్నవాళ్లు కోర్టుకు కారణం చెప్తూ ఒక మెమో వేస్తారు, జూనియర్‌ను పంపుతారు. మాలాంటి కక్షిదారులకు ఫోన్ చేసి చెప్పినా చాలు.

బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయమంటారు. ఏడాదిలోగా తేల్చాలని అడ్వకేట్స్ చట్టంలో ఉంది, నిజమే. కానీ దావా ఇంకా నడుస్తుండగా సొంత వకీలు మీద ఫిర్యాదు పెట్టే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? వినియోగదారుల కోర్టుకు వెళ్దామంటే, లాయర్ల సేవలు వినియోగదారుల చట్టం పరిధిలోకి రావని 2024 మే నెలలో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇక మిగిలిన చోటు ఆ కోర్టు హాలే. ఆయన రాని రోజున, ఆయన రాలేదని చూసిన జడ్జి గారే ఆ ముక్క రాయాలి.

అమ్మ ఇప్పుడు ఒక్క వాయిదా కూడా వదలడం లేదు. పదిన్నరకల్లా వెళ్లి వరండాలో బెంచీ మీద కూర్చుని, వకీలు గారి నల్ల కోటు గేటు దగ్గర కనబడేదాకా అటే చూస్తూ ఉంటుంది.