డిశ్చార్జి చేశాక దిక్కెవరు?

మానసిక జబ్బుకు డాక్టరే దొరకని ఊళ్లు కావు గుంటూరు, విజయవాడ. రెండుచోట్లా సర్వజనాసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది, ప్రైవేటు క్లినిక్‌లకూ కొదవ లేదు. రోగి కాస్త కుదుటపడి ఇల్లు చేరాకే అసలు తిప్పలు మొదలవుతున్నాయి.

పల్నాడు పల్లె నుంచి నెలనెలా గుంటూరు వచ్చే స్కిజోఫ్రీనియా (భ్రమలు, అనుమానాలతో సతమతం చేసే తీవ్ర మానసిక జబ్బు) రోగి సంగతే చూడండి. తెల్లారకముందే బస్సెక్కాలి. తోడొచ్చే తల్లికి ఆ రోజు కూలి పోయినట్టే. ‘నిద్ర పడుతోందా బాబూ?’ అని డాక్టరు అడిగేది అతణ్నే, జవాబు మాత్రం తల్లి చెబుతుంది. మాత్రలేసుకుంటే పగలంతా మత్తుగా ఉంటోందనీ, జిన్నింగు మిల్లులో మిషన్ల దగ్గర పనికి అందుకే భయమనీ అతను నోరు విప్పేలోపే తర్వాతి పేరు పిలుస్తారు. విసుగొచ్చి మాత్రలు మానేస్తాడు. మొదట్లో హాయిగానే ఉంటుంది. ఆపైన నిద్ర కరవు, అనుమానాలు, మళ్లీ అడ్మిషన్. చుట్టాలు మాత్రం ‘నువ్వే సరిగా చూసుకోలేదు’ అని తల్లిని ఆడిపోసుకుంటారు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏం చెప్పింది? అత్యావశ్యక ఔషధాల జాబితాలోని మందులన్నీ సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పై సర్కారు ఆసుపత్రులన్నింటిలో ఎల్లవేళలా ఉచితంగా ఇవ్వాలంది. అది సవ్యంగా అమలైతే ఆ తల్లీకొడుకులకు నెలనెలా ఈ బస్సు ప్రయాణం ఎందుకు? హాఫ్‌వే హోమ్‌లు, ఇంటి దగ్గరే పునరావాస సేవలు కూడా ఆ చట్టంలో ఉన్నవే. ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి కొన్నాళ్లు తలదాచుకుని, మెల్లగా పనికి అలవాటుపడే చోటు ఎక్కడుందో మన జిల్లాల్లో ఎంతమంది కుటుంబాలకు తెలుసు?

14416కు ఫోన్ చేస్తే సర్కారు వారి మానసిక సహాయ ఫోన్ సేవ టెలిమానస్ కౌన్సెలర్ తెలుగులోనే మాట్లాడతారు. టెన్షన్‌తో నలిగిపోయే ఇంటివాళ్లకు అది పెద్ద ఊరటే. కానీ మిల్లు యజమానికి నచ్చజెప్పి మిషన్లకు దూరంగా ఉండే పని ఇప్పించడం ఫోన్‌తో అయ్యే పని కాదు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌దీ అదే గోల. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం మానసిక జబ్బునూ వైకల్యంగానే లెక్కించింది. కాలో చెయ్యో అయితే కంటికి కనబడుతుంది, డాక్టరు పరీక్షించే ఆ పది నిమిషాలూ మామూలుగా మాట్లాడే మనిషి తన బాధను ఎలా రుజువు చేసుకోవాలి?

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద డిశ్చార్జి అయిన ప్రతి రోగికీ ఒక సోషల్ వర్కర్‌ను కేటాయించాలి. మందు ఆపేసిన వారంలోనే తలుపు తట్టే మనిషి కావాలి. ఇక మందుల పంపిణీని పల్నాడు సామాజిక ఆరోగ్య కేంద్రాల నుంచే గట్టిగా మొదలుపెట్టవచ్చు. దానికి కొత్త చట్టమూ అక్కర్లేదు, కొత్త భవనమూ అక్కర్లేదు.